సానెట్‌లో గురువెక్కడ, లఘువెక్కడ?

పోయిన సంచికలో ఎవరో అడిగితే, సానెట్ అంటే పద్నాలుగు పంక్తుల ఇంగ్లిష్ పద్యం, పంక్తికి పది సిలబుల్స్ (ఒక్క ఊపులో పలికే ముక్కలు), నడక అయాంబిక్ పెంటామీటర్ అని మూడు ముక్కల్లో తేల్చేశాను. తేల్చేసినందుకు తగిన శాస్తే జరిగింది. ఈ నెల ఉత్తరాల్లో సగం దాని మీదే, అందులోనూ ఎక్కువ మన చెన్నై వాళ్ళవే. అన్నిటికీ చోటు లేదు కాబట్టి ఐదింటికి జవాబిస్తున్నాను.

ప్రశ్న: మా అమ్మాయి బీఏ ఇంగ్లిష్ రెండో ఏడు చదువుతోంది. పరీక్షలో సానెట్ పంక్తి ఒకటి ఇచ్చి స్కాన్ చేయమంటారట, అంటే మన గణవిభజన లాంటిదట. ఎక్కడ గీత పెట్టాలో, ఎక్కడ గుర్తు పెట్టాలో తెలియక టెన్షన్ పడుతోంది. నాకు ఇంగ్లిష్ అంతంతమాత్రం గానీ నెల్లూరు జిల్లాలో బడికెళ్ళిన రోజుల్లో ఉత్పలమాలకు గణవిభజన చేసినవాణ్ణి. అది ఇక్కడ పనికొస్తుందా మేడమ్?
ఒక తండ్రి, విల్లివాక్కం

జవాబు: పనికొస్తుందండీ, కానీ సగం దూరమే. మిగతా సగంలో అదే ముంచుతుంది. ముందు పనికొచ్చే సంగతి చెప్తాను.

అయాంబ్ అంటే మన లగం. లఘువు, గురువు, అంతే; మీరు ‘వ’ గణం అని చదువుకున్నది ఇదే. అలాంటివి ఐదు వరసగా వస్తే పెంటామీటర్. ఆ నడక ఎలా ఉంటుందో మీ అమ్మాయికి వినిపించాలంటే ఇంట్లో శివతాండవ స్తోత్రం పెట్టండి. ‘జటాటవీ గలజ్జల ప్రవాహ పావితస్థలే’. అది పంచచామరం, పాదానికి పదహారు అక్షరాలు, ఎనిమిది లగాలు. అందులో చివరి మూడు లగాలు కోసేస్తే ఎంత మిగులుతుందో అంత పొడవు షేక్‌స్పియర్ పంక్తి. ‘జటాటవీ గలజ్జల ప్రవా’ దగ్గర ఆపి చూడండి, పది అక్షరాలు సరిగ్గా వస్తాయి. పిల్లలకు ఇది చెప్తే మొదట నవ్వుతారు, తర్వాత బల్ల మీద వేళ్ళతో కొట్టుకుంటూ కూర్చుంటారు.

ఇక ముంచే సంగతి. మనకు గురువు అంటే నిడివి. దీర్ఘమైనా, పక్కన సున్నా ఉన్నా, పొల్లు ఉన్నా, తర్వాత ద్విత్వమో సంయుక్తాక్షరమో వచ్చినా గురువే, ఇంకేం చూడక్కర్లేదు. ఇంగ్లిష్‌కి నిడివితో పని లేదు, ఊనికతో పని. గొంతు ఎక్కడ నొక్కుతుందో అది బరువైన సిలబుల్. ‘హోటల్’ అనే మాట తీసుకోండి. మనం ‘హో’ మీద తీరిగ్గా కూర్చుంటాం, ఇంగ్లిష్ వాళ్ళు దాన్ని దాటేసి ‘టెల్’ మీద నొక్కుతారు. ‘పోలీసు’ అన్నా అంతే, మన ‘పో’ అంత పొడుగు, వాళ్ళకు నొక్కు ‘లీస్’ మీద.

ఈ తేడా తెలియక నేనే దెబ్బ తిన్నాను. ఈ ఊళ్ళోనే బీఏ చదివేటప్పుడు, మా నాన్నగారు నేర్పిన గురులఘువుల ధైర్యంతో, పరీక్షలో షేక్‌స్పియర్ పద్దెనిమిదో సానెట్ మొదటి పంక్తికి గుర్తులు పెట్టి వచ్చాను. ‘షల్ ఐ కంపేర్ దీ టు ఎ సమ్మర్స్ డే’, నిన్ను వేసవి రోజుతో పోల్చనా అని. ‘షల్’ పొల్లు ఉంది, గురువు. ‘ఐ’ గురువు. ‘కం’ సున్నా ఉంది, గురువు. ‘పేర్’, ‘దీ’ గురువులు. ‘టు’, ‘ఎ’ లఘువులు. తర్వాత మూడూ గురువులే. పదింట్లో ఎనిమిది గురువులు, మార్కులు సున్నా. మా లెక్చరర్ కాగితం పైకెత్తి, ఇదేం భాష అని క్లాసులో అందరి ముందూ అడిగారు. నేనేం చెప్పను?

సరైన విభజన ఇదీ: షల్ ఐ, కంపేర్, దీ టు, ఎ సమ్, మర్స్ డే. ఐదు ముక్కలు, ప్రతి ముక్కలోనూ రెండో దాని మీదే నొక్కు. నేను లఘువు పెట్టిన ‘టు’ ఇక్కడ బరువైన చోట ఉంది, గురువు పెట్టిన ‘కం’ తేలికైన చోట ఉంది. అలాగని ఆ ‘టు’ని గట్టిగా అరవకూడదు, అది గురువు కుర్చీలో కూర్చున్న లఘువు. కుర్చీ గురువుదే గానీ మనిషి అంత బరువు లేడు. మంచి పంక్తి ఇంగ్లిష్‌లో ఇలాగే ఉంటుంది, ఐదు నొక్కులూ ఒకే బరువుతో పడితే ఎక్కాలు చదివినట్టుంటుంది.

మీ అమ్మాయిని ఇలా చేయమనండి. పంక్తిని రెండుసార్లు మామూలుగా, మాట్లాడినట్టు పైకి చదవాలి. రెండు మూడు సిలబుల్స్ ఉన్న మాటలకు ముందు గుర్తు పెట్టాలి, ఎందుకంటే వాటి నొక్కు నిఘంటువులోనే ఉంటుంది, నొక్కాల్సిన సిలబుల్ ముందు పైన చిన్న నిలువు గీత. కంపేర్‌లో ‘పేర్’, సమ్మర్‌లో ‘సమ్’. తర్వాత ‘డే’ లాంటి అర్థమున్న చిన్న మాటలు. ‘టు’, ‘ఎ’, ‘ద’ లాంటివి ఆఖరికి వదిలేస్తే వాటంతటవే సర్దుకుంటాయి. ఎడమ నుంచి ఒక్కో అక్షరానికీ గుర్తు పెట్టుకుంటూ పోయారో, మనకు అలవాటైన దారే గానీ, నా గతే పడుతుంది.

అన్నట్టు, ఈ ఇబ్బంది అవతలి నుంచి పడ్డవాళ్ళూ ఉన్నారు. సీపీ బ్రౌన్ మన గురులఘువులు, గణాలు, యతిప్రాసలు తను నేర్చుకుని, తెలుగు, సంస్కృత ఛందస్సుల మీద ఇంగ్లిష్‌లో పుస్తకం రాసి 1827లో ఈ మద్రాసులోనే అచ్చు వేయించాడు. ఆయన మన వైపు వచ్చిన దారినే మీ అమ్మాయి అటు వెళ్తోంది.

ప్రశ్న: పది సిలబుల్స్ అని రాశారు. నేను సాఫ్ట్‌వేర్ వాణ్ణి, లెక్క పెట్టకుండా ఉండలేను. హామ్లెట్‌లో ‘టు బీ, ఆర్ నాట్ టు బీ, దట్ ఈజ్ ద క్వశ్చన్’ పదకొండు వస్తోంది. సానెట్లలో కూడా కొన్ని పంక్తులు పెద్ద నొక్కుతోనే మొదలవుతున్నాయి. రూల్ ఉన్నట్టా, లేనట్టా?
అంబత్తూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంది, బాబూ. కంపైలర్‌కు ఉన్నట్టు లేదు.

ముందు ఒక సవరణ, హామ్లెట్ మాటలు సానెట్ కాదు, అంత్యప్రాస లేని పెంటామీటర్. నడక మాత్రం అదే. ఐదో నొక్కు ‘క్వశ్’ మీద పడిపోయింది, ‘చన్’ తోకలా మిగిలింది. అలా చివర తేలిక సిలబుల్ ఒకటి వేలాడితే దాన్ని లెక్కలోకి తీసుకోరు. సానెట్లలోనూ ఉంది. షేక్‌స్పియర్ ఇరవయ్యో సానెట్‌లో పద్నాలుగు పంక్తులకు పద్నాలుగూ ఆ తోకతోనే ముగుస్తాయి, కాబట్టి అది కావాలని చేసిందే.

రెండోది ఇంకా సరదా. పన్నెండో సానెట్ తీయండి, ‘వెన్ ఐ డు కౌంట్ ద క్లాక్ దట్ టెల్స్ ద టైమ్’. పది మాటలు, అన్నీ ఏకాక్షరాలే, లగం లగం లగం అని గడియారంలా కొట్టుకుంటూ పోతుంది, చెప్పేదీ గడియారం గురించే. ఇప్పుడు అరవయ్యోది, ‘లైక్ యాజ్ ద వేవ్స్ మేక్ టువర్డ్స్ ద పెబుల్డ్ షోర్’. గులకరాళ్ళ ఒడ్డుకు అలలు వచ్చినట్టు మన నిమిషాలు అంతం వైపు పరిగెడుతున్నాయట. ఇక్కడ మొదటి మాట ‘లైక్’ మీదే నొక్కు, అంటే లగం ఉండాల్సిన చోట గలం వచ్చింది, మన భాషలో ‘హ’ గణం. దాని వెనక రెండు తేలికవి దొర్లి, తర్వాత ‘వేవ్స్’ మీద విరుగుతుంది. మెరీనాలో నిలబడి చూస్తే అల చేసేది అదే కదా, ముందు ఒక్క తోపు, కాసేపు జారుడు, తర్వాత విరగడం. పన్నెండులో గంటలు, అరవైలో నిమిషాలు రావడం కావాలని పెట్టిందో యాదృచ్ఛికమో గానీ, నాకు మాత్రం ప్రతిసారీ ముచ్చటేస్తుంది.

ఉత్పలమాలలో ఇలా ఒక గణం తిరగేస్తే ఛందోభంగమే, పద్యం చచ్చిందన్నమాట. అందుకే పెంటామీటర్‌ని వృత్తంతో పోల్చకండి, తేటగీతితో పోల్చండి. సూర్య గణం అంటే హగణమైనా నగణమైనా వేసుకోవచ్చు, ఇంద్ర గణాలు ఆరింట్లో ఏదైనా వేసుకోవచ్చు, పాట మాత్రం తేటగీతి పాటే. ఇంగ్లిష్‌లో ఒక్కో గణాన్ని ఫుట్, అంటే కాలు అంటారు. అలాగని రెండో కాలిలోనో ఐదో కాలిలోనో తిప్పితే పంక్తి కుంటుతుంది. ఎక్కువగా తిప్పేది మొదటి కాలి దగ్గరా, మధ్యలో ఊపిరి తీసుకున్న చోటా.

ప్రశ్న: పద్నాలుగే ఎందుకండీ? పన్నెండో పదహారో అయితే ఏం పోయింది? మన పద్యాలన్నీ నాలుగు పాదాల్లో సుబ్బరంగా అయిపోతుంటే!
ఒక గృహిణి, మైలాపూరు

జవాబు: పద్నాలుగు అనే అంకెలో మహిమ లేదమ్మా, ఎనిమిది, ఆరు అనే విరుపులో ఉంది. 13వ శతాబ్దం మొదటి సగంలో సిసిలీ రాజు ఫ్రెడరిక్ ఆస్థానంలో జియాకోమో దా లెంతీని అని ఒక నోటరీ ఉండేవాడు, దస్తావేజులు రాసే ఉద్యోగం. ఈ రూపం ఆయనతోనే మొదలైందంటారు. ఎనిమిది పంక్తుల్లో ఒక సంగతి ఎత్తుకోవడం, తొమ్మిదో పంక్తి దగ్గర మలుపు తిప్పడం, ఆరింట్లో తేల్చడం. రెండు సగాలూ సమానమైతే వాదన తక్కెడలా నిలబడిపోతుంది, రెండోది కురచగా ఉండబట్టే ముగింపు వైపు ఒరుగుతుంది. వంద ఏళ్ళ తర్వాత ఇటాలియన్ కవి పెట్రార్క్ దీనికి ఎంత పేరు తెచ్చి పెట్టాడంటే, ఆ ఎనిమిది, ఆరు పద్ధతికి ఆయన పేరే అంటుకుపోయింది.

ఇంగ్లండ్‌కి తెచ్చినవాడు థామస్ వయట్, ఎనిమిదో హెన్రీ కాలం మనిషి. ఆయన వెనకే సర్రే ప్రభువు. ఇక్కడ చిక్కొచ్చింది. ఇటాలియన్ కూడా తెలుగు లాగే అజంత భాష, మాటలు దాదాపు అన్నీ అచ్చుతో ముగుస్తాయి, అంత్యప్రాసలు చెట్టుకు కాసినట్టు కాస్తాయి. పెట్రార్క్ ఎనిమిది పంక్తుల్నీ రెండే ప్రాసలతో నడిపేవాడు, ఒక్కో ప్రాసకు నాలుగేసి మాటలు. ఇంగ్లిష్‌లో అన్ని దొరకవు, దొరికినా అవే అవే వస్తాయి. సర్రే ఏం చేశాడంటే నాలుగేసి పంక్తుల మూడు ముక్కలు చేసి, ఒకటి విడిచి ఒకటి ప్రాస కలిపి, ఏ ముక్కకు ఆ ముక్క కొత్త ప్రాసలు పెట్టి, చివర రెండు పంక్తుల జంట తగిలించాడు. ఇప్పుడు ఒక్కో ప్రాసకు రెండు మాటలు చాలు. భాషలో సరుకు లేక చేసిన సర్దుబాటు అది. 1547లో రాజు ఆయన తల తీయించాడు, పద్యాలు 1557లో టాటెల్ అనే ఆయన అచ్చు వేసిన సంకలనంలో బయటికొచ్చాయి. 1609లో షేక్‌స్పియర్ 154 సానెట్లు అచ్చయ్యేసరికి, మనం ఇప్పుడు ఇంగ్లిష్ సానెట్ అనేది ఈ సర్దుబాటునే.

మీరు నాలుగు పాదాలంటున్నారు గానీ మనకు సీసం ఉందిగా! నాలుగు పొడుగు పాదాల్లో చెప్పిందే చెప్పి, పెంచి, ఊపి, చివర ఎత్తుగీతిలో దించుతాం. ఆటవెలదో తేటగీతో రాగానే గొంతు మారుతుంది, వినేవాడు నిటారుగా కూర్చుంటాడు. షేక్‌స్పియర్ చివరి జంట చేసే పని సుమారుగా అదే. నూట ముప్పయ్యో సానెట్‌లో పన్నెండు పంక్తులపాటు తన ప్రియురాలి కళ్ళు సూర్యుడిలా లేవు, పెదాలు పగడంలా లేవు, ఊపిరికి పరిమళం లేదు అని వరసపెట్టి చెప్తాడు. మన ప్రబంధ నాయికల కలువకళ్ళూ చంద్రబింబాలూ గుర్తుకొచ్చి నవ్వొస్తుంది. ఆఖరి రెండు పంక్తుల్లో, అయినా సరే, అబద్ధపు పోలికలతో పొగిడించుకునే వాళ్ళెవరికీ నా మనిషి తీసిపోదు అని తిప్పేస్తాడు. పద్దెనిమిదో దాంట్లో మాత్రం పాత ఇటాలియన్ చోటే, తొమ్మిదో పంక్తి ‘బట్’ అని మొదలవుతుంది. రూపం సర్రేది, మలుపు పెట్రార్క్‌ది.

పద్నాలుగు తప్పిన సందర్భాలూ ఉన్నాయి లెండి. ఆ 154లోనే తొంభై తొమ్మిదో దానికి పదిహేను పంక్తులు, నూట ఇరవై ఆరో దానికి పన్నెండే. నూట నలభై ఐదులో పంక్తికి నాలుగే నొక్కులు. మరి సానెట్లేనా అంటే, ఆ పుస్తకంలో ఉన్నాయి కాబట్టి సానెట్లే.

వేసవి రోజుతో పోల్చడం ఏమిటండీ, మన అగ్నినక్షత్రం ఎండల్లో అలా అంటే చెంప పగలదా అని కూడా రాశారు. పాఠం చెప్పినన్నేళ్ళూ ఏటా క్లాసులో ఎవరో ఒకరు వేసిన జోకే ఇది. నేను ఏటా నవ్వాను, ఇప్పుడూ నవ్వుతున్నాను.

ప్రశ్న: ప్రాస అన్నాక కలవాలి కదా మేడమ్. నూట పదహారో సానెట్ చివర ‘ప్రూవ్డ్’, ‘లవ్డ్’ అని ఉంది. మా హాస్టల్‌లో ఎవరు చదివినా కలవడం లేదు.
పెరంబూరు విద్యార్థిని

జవాబు: కలిసేవి, తల్లీ, నాలుగు వందల ఏళ్ళ కిందట. ఉచ్చారణ మారిపోయింది, స్పెల్లింగ్ మారలేదు. పద్దెనిమిదో దాంట్లో ‘టెంపరేట్’కీ ‘డేట్’కీ జత కట్టాడు చూడు, ఇప్పుడు మామూలుగా పలికితే ‘టెంపరట్’ లాగా వినిపించి జారిపోతుంది. ఆ చివరి ముక్కను ‘రేట్’ అని కాస్త నిలబెట్టి చదివితే ప్రాసా దక్కుతుంది, ఐదో నొక్కూ దక్కుతుంది. ‘ప్రూవ్డ్’ విషయంలో అంత సులువు దారి లేదు, ఇప్పటి ఉచ్చారణతోనే చదివేసి, పరీక్షలో ప్రాసగానే గుర్తు పెట్టేయి.

నువ్వు బడిలో తమిళం చదివి ఉంటావు కాబట్టి ఒక మాట. మన ప్రాస రెండో అక్షరంది, తమిళంలో ఎదుగై కూడా రెండో అక్షరమే. మనవాళ్ళ చెవి పంక్తి మొదట్లో ప్రాస వెతుకుతుంది, ఇంగ్లిష్ వాళ్ళ చెవి చివర వెతుకుతుంది. అందుకని సానెట్ చదివేటప్పుడు పంక్తి చివర రవ్వంత ఆగాలి. వాక్యం కింది పంక్తిలోకి పోతున్నా సరే, ఊపిరి తీసుకోకపోయినా సరే, ఆ మాట చెవిన పడనివ్వాలి.

ఇంకోటి, హాస్టల్‌లో ఇద్దరు స్నేహితురాళ్ళు ఉంటే రోమియో, జూలియట్ మొదటిసారి కలుసుకునే చోటు చెరో పాత్రా చదవండి. ఆయన నాలుగు పంక్తులు, ఆమె నాలుగు, తర్వాతి నాలుగు పంచుకుంటారు, ఆఖరి జంటలో చెరొకటి. మొత్తం పద్నాలుగు, ప్రాసలతో సహా సానెట్. విసిరిన ప్రాసను ఎదుటివాళ్ళు అందుకోవడమే వాళ్ళ ప్రేమ మొదలవడం. ఆ పద్నాలుగో పంక్తి అయిన వెంటనే ముద్దు, కాబట్టి వార్డెన్ లేనప్పుడు చదువుకోండి.

ప్రశ్న: తెలుగులో సానెట్ రాశాను. పద్నాలుగు పంక్తులూ పంపుతున్నాను. మొహమాటం లేకుండా చెప్పండి.
వడపళని నుంచి ఒక పాఠకుడు

జవాబు: మొహమాటం వద్దన్నారు కాబట్టి చెప్తున్నాను. మొదటి నాలుగు పంక్తులు మిగతా పాఠకుల కోసం ఇక్కడ వేస్తున్నాను.

మెరీనా గాలి మెల్లగా వీచింది
నా మనసు నిన్ను పేరుపెట్టి పిలిచింది
బస్టాపులో వాన జోరుగా కురిసింది
నీ గొడుగు నన్ను చూసి మురిసింది

ఇలా ‘ఇంది’ పద్నాలుగు సార్లు వచ్చింది. మీరు ప్రాస కలిపానని అనుకున్నారు, నిజానికి కలిపింది క్రియా ప్రత్యయం. ఇందాక చెప్పాను చూడండి, అజంత భాషకు అంత్యప్రాస చవక అని. దానికి తోడు మన వాక్యం క్రియతో ముగుస్తుంది, ఏ రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టినా ఏదో ఒకటి కలిసిపోతుంది. ఇంగ్లిష్ వాడు ప్రాస కోసం పడే అవస్థలోంచే సానెట్‌కి ఆ బిగువు వచ్చింది. మీరు అవస్థ పడలేదు. పంక్తి చివర క్రియను తీసేసి నామవాచకం పెట్టి చూడండి, అప్పుడు తెలుస్తుంది నొప్పి.

తెలుగులో రాయకూడదని మాత్రం అనను. బెంగాలీ కవి మైకేల్ మధుసూదన దత్తు 1848 నుంచి 1856 దాకా ఈ మద్రాసులోనే ఉన్నాడు, ఇక్కడ ఇంగ్లిష్‌లో కావ్యం అచ్చు వేసుకున్నాడు. తర్వాత ఫ్రాన్స్‌లో అప్పులతో నానా కష్టాలు పడుతూ బెంగాలీలో సానెట్లు రాశాడు, 1866లో చతుర్దశపది కవితలని పుస్తకంగా వచ్చాయి. ఆయన అయాంబ్‌ని బెంగాలీలోకి లాక్కురాలేదు, వాళ్ళ పయారు అనే పద్నాలుగు అక్షరాల పాదాన్నే వాడుకున్నాడు. మనకూ అదే దారి. నొక్కుల లెక్క తెలుగులో చెవికి ఆనదు, కాబట్టి పెంటామీటర్ జోలికి పోకండి. మంజరీ ద్విపద తీసుకోండి. మూడు ఇంద్ర గణాలు, ఒక సూర్య గణం, మూడో గణం మొదట యతి, రెండో అక్షరం ప్రాస అక్కర్లేదు. ఆ వదిలేసిన ప్రాసను పంక్తి చివరికి తెచ్చుకోండి.

మీ నాలుగో పంక్తి నాకు నచ్చింది. గొడుగు మురవడం బాగుంది, మిగతా పదమూడింట్లో అలాంటిది ఇంకోటి లేదు. దాన్నే ద్విపదలో పెట్టి చూశాను:

వానలో నీ గొడ్గు వంగె నా వైపు

‘వానలో’ రగణం, ‘నీ గొడ్గు’ తగణం, ‘వంగె నా’ మళ్ళీ రగణం, ‘వైపు’ హగణం. ‘వా’కీ ‘వం’కీ యతి సరిపోయింది. గొడుగుని గొడ్గు చేశాను, పద్యంలో చెల్లుతుంది లెండి. మురిసిందని మీరు చెప్పేశారు, వంగిందంటే మురిసిందని చదివేవాడికే తెలుస్తుంది. చివర ‘వైపు’ ఉంది కాబట్టి చూపు, రేపు, కాపు లాంటివి జతకు దొరుకుతాయి, ‘రేపు’ అయితే కథ కూడా ముందుకు నడుస్తుంది. తొమ్మిదో పంక్తి దగ్గర ఏదో ఒకటి తిప్పండి, బస్సు వచ్చేయొచ్చు, వాన ఆగిపోవచ్చు, ఆ గొడుగు ఆమెది కాదని తేలొచ్చు. మెరీనా గాలి తీసేయండి, మీ బస్టాపుకి అంత దూరం అది రాదు. మళ్ళీ పంపండి, చదువుతాను.